వీపు వెనక 94 కిలోలు: ఒక కబడ్డీ రైడర్ కేస్ స్టడీ

ఈ కేసులో ఇద్దరున్నారు. ఒకతని బరువు 57 కిలోలు, ఇంకొకతని బరువు 94. చిన్నతను చంద్రగిరి దగ్గరి పల్లె నుంచి తిరుపతికి బైక్ మీద వచ్చి మా హాల్లో గ్రాప్లింగ్ (దెబ్బలు లేకుండా పట్లతో ఆడే కుస్తీ లాంటి ఆట) నేర్చుకుంటాడు. స్కూలు రోజుల నుంచీ కబడ్డీ ఆడినవాడు, అందులోనూ రైడర్. పెద్దతను వెయిట్‌లిఫ్టింగ్ నుంచి మా దగ్గరికి వచ్చాడు. ఇలా రాయడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. పేర్లు వద్దనుకున్నాం కాబట్టి రైడర్ అనీ, లిఫ్టర్ అనీ పిలుస్తాను.

రైడర్ సమస్య ఇది. తన బరువువాళ్లు వీపు ఎక్కితే, అంటే వెనక నుంచి పట్టు వేస్తే, ఏదోలా బయటపడతాడు. లిఫ్టర్ వీపు ఎక్కితే మాత్రం ట్యాప్ చేయడమే, అంటే చేత్తో తట్టి ఓటమి ఒప్పుకోవడమే. రౌండ్ మొదట్లో దొరికినా అంతే, చివర్లో దొరికినా అంతే. కొన్నాళ్లకు లిఫ్టర్ వెనక్కి రాగానే ఒళ్లు వదిలేయడం మొదలైంది. "ఆ అన్న బరువు ముందర టెక్నిక్ ఏం చేస్తాదన్నా?" అని అడిగాడు. సాకు కోసం కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. చెన్నైలో ఓపెన్ వెయిట్‌లో, అంటే బరువు పరిమితి లేని విభాగంలో ఆడాలని అతని కోరిక. అక్కడ ఎదురయ్యేది ఎక్కువగా లిఫ్టర్ లాంటివాళ్లే.

అతనికి నేను చెప్పిన జవాబు చుట్టూనే ఈ కేసంతా నడిచింది. వెనక ఉన్నంతసేపూ పెద్దవాడి బరువు మన మీద పూర్తిగా ఉండదు. అతను మన కిందో, పక్కనో ఉంటాడు. బరువు నిజంగా మీద పడేది రెండు సందర్భాల్లో. మనం బోర్లా పడినప్పుడు ఒకటి, తప్పించుకుని వెల్లకిలా వాలిన మరుక్షణం ఇంకొకటి. మొదటిది జరగనివ్వకూడదు. రెండోది ఎలాగూ జరుగుతుంది కాబట్టి దానికి ముందే సిద్ధమై ఉండాలి. అందుకే పెద్దవాళ్ల నుంచి బయటపడటం నేర్పేటప్పుడు నేను చివరి మెట్టు నుంచి మొదలుపెడతాను.

పట్టు ఎక్కడ ఉంది

గ్రాప్లింగ్ కొత్తవాళ్ల కోసం కొంచెం వివరిస్తాను. బ్యాక్ కంట్రోల్‌లో ప్రత్యర్థి ఛాతీ మన వీపుకు అతుక్కుని ఉంటుంది. అతని ఒక చెయ్యి మన భుజం మీదుగా మెడ ముందుకు వస్తుంది. రెండో చెయ్యి మన చంక కిందుగా వచ్చి మొదటిదాన్ని కలుస్తుంది. దీన్ని సీట్‌బెల్ట్ గ్రిప్ అంటారు. మా హాల్లో మొదటిదాన్ని మెడ చెయ్యి, రెండోదాన్ని చంక చెయ్యి అంటాం. అతని పాదాలు రెండూ మన తొడల లోపలి వైపు తగిలించి ఉంటాయి, అవి హుక్స్. హుక్స్ బదులు ఒక కాలిని మన పొట్ట మీదుగా అడ్డంగా వేసి, దాని చీలమండను రెండో మోకాలి వెనక బిగిస్తే బాడీ ట్రయాంగిల్ అవుతుంది.

ఐబీజేజేఎఫ్ (బ్రెజిలియన్ జిజిట్సు అంతర్జాతీయ సమాఖ్య) నియమాల్లో రెండు హుక్స్‌తో వీపును 3 సెకన్లు నిలబెట్టుకుంటే 4 పాయింట్లు. అంటే మౌంట్‌తో (వెల్లకిలా ఉన్నవాడి మీద ఎక్కి కూర్చునే స్థితితో) సమానం. గ్రాప్లింగ్‌లో పెద్ద అంతర్జాతీయ పోటీ ఏడీసీసీలో 3 పాయింట్లు. పాయింట్ల కంటే భయపెట్టేది చోక్, అంటే మెడ బిగించే పట్టు. రేర్ నేకెడ్ చోక్, జూడోలో హడకా జిమే. మోచేతి మడత గొంతు ముందు ఉంటుంది, మెడకు ఒక పక్కన దండ కండ, రెండో పక్కన ముంజేయి ఉండి కరోటిడ్ ధమనులను నొక్కుతాయి. సరిగ్గా కుదిరితే పది సెకన్లు అటూ ఇటుగా స్పృహ తప్పుతుంది. అది గాలి ఆగడం వల్ల కాదు, మెదడుకు రక్తం తగ్గడం వల్ల. కాబట్టి ఊపిరి బిగబట్టి ఓర్చుకుంటాను అనే ధైర్యం ఇక్కడ పనికిరాదు.

1993 నవంబర్ 12న డెన్వర్‌లో జరిగిన మొదటి యూఎఫ్‌సీలో (రకరకాల యుద్ధకళలవాళ్లు తలపడే పోటీ) ఫైనల్‌ను రాయిస్ గ్రేసీ ఈ చోక్‌తోనే గెలిచాడు. ఏడీసీసీలో 77 కిలోల విభాగంలో ఆడిన మార్సెలో గార్సియా, ఓపెన్ వెయిట్‌లో తనకంటే ఎంతో బరువైనవాళ్ల వీపులు ఎక్కాడు. కొత్తగా చేరే పిల్లలు ఈ వీడియోలు చూసే వస్తారు. ఇవన్నీ చిన్నవాడు పెద్దవాడి వీపు ఎక్కిన ఆటలు. పెద్దవాడే చిన్నవాడి వీపు ఎక్కితే ఏం చేయాలన్నది హాల్లో ప్రతి సాయంత్రం జరిగేది, మాట్లాడుకునేది మాత్రం తక్కువ.

ఒక మాట గట్టిగా చెప్పాలి. చూసేవాళ్లకు కాళ్లే పట్టులా కనిపిస్తాయి. అసలు పట్టు ఛాతీకీ వీపుకూ మధ్య ఉన్న అతుకులో ఉంది. హుక్స్ పోయినా ఛాతీ అతుక్కుని ఉంటే అతను మళ్లీ హుక్స్ వేసుకోగలడు. ఛాతీ ఊడితే హుక్స్ ఉన్నా అతని చేతులకు మెడ సరిగ్గా అందదు. ఈ తేడా రైడర్‌కి అర్థం కావడానికే ఎక్కువ కాలం పట్టింది.

ఒంట్లో ఉన్న కబడ్డీ

ముందు ఏమీ నేర్పలేదు. చోక్ లేదు అని చెప్పి, లిఫ్టర్‌ని వీపు మీద పెట్టి, ఇద్దరినీ ఆడమని చూశాను. ఒకసారి ముందు నుంచి, ఒకసారి పక్క నుంచి ఫోన్‌లో తీశాను. పక్క నుంచి తీసిన వీడియోలోనే విషయం బయటపడింది.

కబడ్డీలో రైడర్‌ని వెనక నుంచి నడుం పట్టుకుంటే అతనికి ఒకటే దిక్కు. మిడ్‌లైన్. ఛాతీ నేలకు వేసి, చెయ్యి చాచి, ఒక్క వేలు గీతకు తగిలించినా చాలు, పట్టుకున్నవాళ్లందరూ అవుట్. చిన్నప్పటి నుంచి ఆ పని చేసి చేసి అతని ఒళ్లు ఒకటి నేర్చుకుంది. వెనక ఎవరైనా పడితే ముందుకు పడు. లిఫ్టర్ పట్టుకున్న ప్రతిసారీ అతను చేసింది అదే. నడుం ముందుకు, చేతులు ముందుకు, ఛాతీ నేలకు. మ్యాట్ మీద గీత లేదు. బోర్లా పడ్డాక లిఫ్టర్ తన నడుమును రైడర్ నడుం మీద నొక్కి, హుక్స్‌తో తొడలను వెనక్కి చాపేస్తాడు. అంతవరకు పక్కన ఉన్న 94 కిలోలు ఇప్పుడు మొత్తంగా మీద ఉన్నాయి. లేవాలంటే చేతులు నేలకు ఆనించాలి, ఆనిస్తే మెడకు కాపలా లేదు. ఇక అక్కడి నుంచి చోక్‌కి లిఫ్టర్ బలం కూడా అక్కర్లేదు.

రెండోది ఊపిరి. రైడ్ 30 సెకన్లు. అంతసేపూ కూత ఆగకూడదు. కూత అంటే పొడుగ్గా వదిలే ఊపిరి. రైడర్‌కి ఒత్తిడి వచ్చిందంటే, నోట కూత లేకపోయినా ఊపిరి మాత్రం అదే తీరులో పోతుంది. గట్టిగా పీల్చి, చివరిదాకా వదిలేస్తాడు. బాడీ ట్రయాంగిల్‌లో ఇది ప్రమాదం. ఊపిరి వదిలి పొట్ట తగ్గిన ప్రతిసారీ పైవాడి కాళ్లు ఆ ఖాళీని బిగించేస్తాయి. తర్వాత పీల్చుకోవడానికి చోటు ఉండదు. "అలిపిరి మెట్లు ఎక్కితే కూడా నాకు ఆయాసం రాదన్నా, ఈడ మాత్రం ఊపిరి ఆడలే" అన్నాడు. నిజమే. అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయి, అతను కొండకు నడిచే వెళ్తాడు. ఊపిరితిత్తుల్లో లోపం లేదు. బిగింపులో ఊపిరి తీసుకునే పద్ధతి వేరు, అది అతనికి ఎవరూ చెప్పలేదు.

మూడోది చూపు. చీలమండో తొడో పట్టుకున్నవాణ్ని విదిలించుకోవడం కబడ్డీలో అలవాటు. అందుకే వెనక నుంచి పట్టు పడగానే రైడర్ కళ్లు హుక్స్ మీదికి, చేతులు లిఫ్టర్ పాదాల మీదికి పోయేవి. మెడ చెయ్యి గడ్డం కిందికి దూరేది సరిగ్గా అప్పుడే.

కబడ్డీ ఇచ్చిన మంచి కూడా అంతే స్పష్టంగా ఉంది. పాదాల చురుకు, నడుమును ఒక్కసారిగా పక్కకు జరపగలగడం, పట్టు ఎటువైపు సడలుతోందో ఇట్టే పసిగట్టడం. గ్రాప్లింగ్‌లో మొదలుపెట్టిన మనిషికి ఇవి రావడానికి ఏళ్లు పడతాయి. అందుకే కబడ్డీ మర్చిపో అని నేను అనలేదు. దిక్కు మార్చుకో అన్నాను. "గీత నీ ముందర లేదు నాయనా, నీ వీపు కింద ఉంది. భుజాలు దానికి ఆనించు." ఆ ఒక్క మాట పట్టుకున్నాడు. ఆ తర్వాత రౌండ్ మధ్యలో నేను "గీత!" అని అరిస్తే చాలు, ముందుకు పడబోయేవాడు ఆగి వెనక్కి జారేవాడు.

లిఫ్టర్‌ని కూడా గమనించాను. అతనిది ఉడుంపట్టు, కానీ మొదటి నిమిషంలోనే చేతుల బలమంతా ఖర్చుపెడతాడు. ఎప్పుడూ మెడ చెయ్యి వైపే ఒరుగుతాడు. చోక్ కోసం తొందరపడినప్పుడు ఛాతీ కొంచెం ఎడం అవుతుంది. ఈ మూడూ రైడర్‌కి చెప్పలేదు. ఒక్క మనిషి అలవాట్లకు జవాబు నేర్పితే ఇంకో పెద్దవాడి ముందు అది పనిచేయదు.

చివరి నుంచి మొదటికి

బ్యాక్ ఎస్కేప్‌ని మామూలుగా ఆటలో జరిగే వరుసలోనే నేర్పుతారు. ముందు చేతులు, తర్వాత తలా భుజాలూ, తర్వాత నడుం, చివర్లో అతని వైపు తిరగడం. సమాన బరువువాళ్ల మధ్య దీనితో ఇబ్బంది లేదు. చివర్లో తడబడి మౌంట్ కింద పడ్డా, బ్రిడ్జ్ చేసో (నడుం పైకెత్తి తోసో) మోకాలు దూర్చో లేవచ్చు. 57 కిలోల మనిషికి 94 కిలోల మౌంట్ కింద ఆ రెండో అవకాశం దాదాపు ఉండదు. అంత కష్టపడి 4 పాయింట్ల చోటు నుంచి ఇంకో 4 పాయింట్ల చోటుకు చేరుకున్నట్టు అవుతుంది.

ఇంకో కారణం మనసుది. ఎక్కడ దిగుతాడో తెలియని మనిషి దూకడు. వీడియోల్లో రైడర్ కొన్నిసార్లు భుజాలు నేలకు ఆనేదాకా వచ్చి అక్కడే ఆగిపోయేవాడు. ఆ తర్వాత లిఫ్టర్ మీదికి వస్తాడని అతని ఒంటికి తెలుసు. ఆ భయం తీరకుండా ముందు మెట్లు ఎంత బాగా నేర్పినా లాభం లేదు.

అందుకే మొదలు ఇక్కడ పెట్టాం. రైడర్ వెల్లకిలా ఉన్నాడు, భుజాలు నేల మీద ఉన్నాయి. లిఫ్టర్ పక్కన ఉన్నాడు. అతని పై కాలు రైడర్ తొడల మీదుగా అడ్డంగా ఉంది. లిఫ్టర్ పని ఆ కాలిని అవతలికి దాటించి మౌంట్‌కి రావడం. రైడర్ పని దాన్ని తన రెండు కాళ్ల మధ్య బంధించి హాఫ్ గార్డ్‌కి రావడం. అంతకుమించి ఏమీ లేదు. ఎవరి పని ముందు అయితే వాళ్లు గెలిచినట్టు, మళ్లీ మొదలు.

ఇందులో మూడు విషయాలు మాట్లాడకుండా వదలలేను. ఆ కాలు ఏ వైపు దిగబోతోందో ఆ వైపు మన మోచెయ్యి, మోకాలు ఒకదానికొకటి తగులుతూ ఉండాలి. అక్కడ సందు లేకపోతే కాలు దిగడానికి చోటు లేదు. రెండోది, కాలు దొరికాక వెల్లకిలా ఉండిపోకూడదు. హాఫ్ గార్డ్‌లో చదునుగా పడుకున్న చిన్నవాడి మీద పెద్దవాడు ఛాతీ వేసి, భుజంతో దవడ తోసి తల తిప్పేస్తే ఆట అక్కడే ఆగిపోతుంది. వెంటనే పక్కకు తిరిగి, పై మోకాలిని అతని ఛాతీకి అడ్డంగా పెట్టి, ముంజేతిని అతని కాలర్ ఎముక దగ్గర ఆనించాలి. మూడోది, ఈ అడ్డు చేతి కండలతో నిలబడేది కాదు. మోచెయ్యి పక్కటెముకలకు దగ్గరగా ఉంటే ఎముక బరువును మోస్తుంది, కండ అలిసిపోదు. చెయ్యి చాచి తోస్తే 94 కిలోల ముందు అది నిమిషం కూడా నిలవదు.

కొన్ని వారాలు ఇదే చేశాం. హాల్లో మిగతావాళ్లకు బోర్ కొట్టింది, రైడర్‌కి కొట్టలేదు. మొదటిసారిగా లిఫ్టర్ కిందికి రావడం అతనికి టెన్షన్ లేని పనైంది.

తర్వాత ఒక మెట్టు వెనక్కి వెళ్లాం, నడుం దగ్గరికి. భుజాలు నేల మీదే ఉన్నాయి, హుక్స్ రెండూ ఇంకా ఉన్నాయి. ఏ వైపు వాలాలన్నది ఇక్కడ ముఖ్యం. చంక చెయ్యి వైపు వాలాలి. మెడ చెయ్యి వైపు వాలితే మన తల అతని చేతి మడతలోకే దిగబడుతుంది. అతనికి కావలసింది అదే. చంక చెయ్యి వైపు వాలితే ఆ చెయ్యి మన ఒంటి కింద ఇరుక్కుంటుంది, భుజాలు నేలకు జారడానికి దారి దొరుకుతుంది. ఆ వైపు ఉన్న అతని కాలు ఇప్పుడు కింది కాలు. మన నడుం దాని మీదుగా దాటి అవతల నేలకు దిగాలి. మన కాలు మడిచి ఉంటే హుక్‌కి తగులుకునే చోటు ఉంటుంది, నిటారుగా చాపితే జారిపోతుంది. రెండో పాదంతో అతని మడమను కిందికి తోసి, నడుం ఎత్తి దాటించాలి. చేతులతో కాదు. చేతులకు వేరే పని ఉంది. పాదాలతో చేసే ఈ పని రైడర్‌కి ఒక్క సాయంత్రంలోనే వంటబట్టింది. గీత మీద కాలు తిప్పిన పాదాలు అవి.

భుజాలను నేలకు చేర్చడం దీనికి ముందు మెట్టు. చాలామంది పైకి లేవాలని చూస్తారు. కిందికి జారాలి. కూర్చున్న చోట నుంచి పిరుదులను ముందుకు జార్చితే వీపు అతని ఛాతీ మీద నుంచి కిందికి దిగుతుంది. తల వెనక భాగాన్ని చంక చెయ్యి వైపు నేలకు నొక్కాలి. అతని ఛాతీకీ మన వీపుకూ మధ్యలోకి నేల రావాలి. నేల వచ్చిందంటే అతను ఎంత బలంగా కౌగిలించుకున్నా వీపు దక్కదు.

చేతులు చివరగా నేర్పాను. ఇది విని కొందరు కోచ్‌లు అభ్యంతరం చెబుతారని తెలుసు, మెడ ముందు కదా అంటారు. ఆటలో మెడే ముందు, అందులో సందేహం లేదు. అయితే ఇంతవరకూ చోక్ లేకుండానే సాధన చేయించాను కాబట్టి మెడకు ప్రమాదం లేదు. దిగే చోటు తెలిసిన మనిషికి చేతుల పని తొందరగా తలకెక్కుతుంది, ఎందుకంటే ఆ చేతులు దేనికోసం సమయం కొంటున్నాయో అతనికి తెలుసు.

చేతుల సూత్రం రెండు చేతులతో ఒక చెయ్యి. మన రెండు చేతులూ అతని మెడ చేతి మీదే. బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉంచి, మణికట్టును కొక్కెంలా పట్టి ఛాతీకి అదిమి ఉంచాలి. గడ్డం దించి, భుజాలు చెవుల దాకా ఎత్తాలి. రైడర్ మొదట ఆ చేతిని లాగి విడిపించాలని చూసేవాడు. లిఫ్టర్ ఒక్క చెయ్యి అతని రెండు చేతుల కంటే బలమైనది, లాగుడులో ఎప్పుడూ ఓడిపోతాడు. అక్కర్లేదు కూడా. చోక్ బిగించాలంటే లిఫ్టర్‌కి రెండో చెయ్యి తోడు కావాలి, మెడ చెయ్యి గడ్డం కిందికి రావాలి. ఆ చెయ్యి ఛాతీ దగ్గరే ఆగి ఉంటే ఏదీ జరగదు. కదపడం మన వల్ల కాకపోయినా ఆపడం అవుతుంది. రెండో చెయ్యి తల వెనక్కి వస్తుంటే, బిగిసేలోపు ముందు దాన్ని తీసేయాలి. పూర్తిగా బిగిసిందా, ట్యాప్. ఇందులో పౌరుషానికి చోటు లేదు.

బాడీ ట్రయాంగిల్‌ని విడిగా చూసుకున్నాం. 57 కిలోల నడుం చుట్టూ పొడుగు కాళ్లకు అది తేలిగ్గా పడుతుంది. ఊపిరి ముందు సరిచేశాం. ముక్కుతో చిన్న చిన్నగా, పూర్తిగా వదలకుండా, ఛాతీ పైభాగంలో కొంచెం గాలి ఎప్పుడూ ఉండేలా. తర్వాత చేతులు మెడ చేతి మీదే ఉంచి, అతని పాదం బిగించిన వైపు ఒరగాలి. ఆ పాదం మీద మన కాలు వేసి నడుం ముందుకు నెడితే అతని చీలమండ మీద ఒత్తిడి పడుతుంది. దానితోనే ట్యాప్ చేయించాలని కాదు. నొప్పికి అతను కాళ్లు సర్దుకుంటాడు, ఆ సర్దుకునే క్షణంలో భుజాలు నేలకు దిగాలి. హుక్స్‌తోనే ఉండి పాదాలు రెండూ ఒకదాని మీద ఒకటి వేసి ముడి పెట్టేవాళ్ల మీద కూడా ఇలాంటి ఒత్తిడే పనిచేస్తుంది. లిఫ్టర్‌కి ఆ అలవాటు అలాగే పోయింది.

కొన్ని పనులు మొదటి రోజే వద్దన్నాను. వీపు మీద మనిషితో లేచి నిలబడి వెనక్కి పడటం ఐబీజేజేఎఫ్‌లో నిషేధం, మా హాల్లోనూ నిషేధం. ఒక్కొక్క వేలు పట్టి విరవడం కూడా అంతే. 94 కిలోలతో నిలబడాలని చూస్తే ముందు పోయేది మన మోకాళ్లే.

లిఫ్టర్ నేర్చుకున్నది

ఈ కేసు సగం అతనిది. మొదట్లో జాలితో వదిలేసేవాడు. "గట్టిగా పట్టుకుంటే పిల్లోడికి ఏమన్నా అవుతుందేమోన్నా" అనేవాడు. వదిలేస్తే రైడర్‌కి దొంగ నమ్మకం వస్తుంది, అది పోటీలో దెబ్బతీస్తుంది. అలాగని దవడ మీదే బిగించి మెడ తిప్పేస్తే గాయమవుతుంది. అందుకని అతనికి కొలత ఇచ్చాం. మొదట ఛాతీ అతుకు మాత్రమే నిలబెట్టు, చేతుల బలం వద్దు. తర్వాత హుక్స్. తర్వాత చేతుల పోరు, చోక్ లేకుండా. చివరికి చోక్, అదీ నిదానంగా బిగిస్తూ, ట్యాప్ తగలగానే వదిలేస్తూ. బలం తగ్గించి ఆడటం వల్ల అతని బ్యాక్ కంట్రోల్ కూడా మెరుగైంది. చేతులు పిండడం మానేసి ఛాతీతో వెంటపడటం నేర్చుకున్నాడు. రైడర్‌కి పని కష్టమైంది, అదే కావలసింది.

చోక్ సాధన చేసే ప్రతి హాలుకూ ఒక మాట. చోక్ తర్వాత మెడ నొప్పి తగ్గకపోయినా, తలనొప్పి, చూపు మసకబారడం, మాట తడబడటం, ఒక పక్క చెయ్యో కాలో బలహీనంగా అనిపించడం లాంటివి ఉన్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. అరుదే అయినా మెడలోని ధమని గోడ చిరిగే ప్రమాదం ఉంది. రేపు చూద్దాం అనుకోకూడదు.

ఎండాకాలం ఎస్కేప్‌లు

తిరుపతిలో మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. సాయంత్రానికి మేడ మీది హాలు ఇంకా వేడిగానే ఉంటుంది. రౌండ్ మొదలైన కాసేపటికే ఇద్దరూ తడిసి ముద్దవుతారు. అప్పుడు రైడర్ బాగా బయటపడటం మొదలుపెట్టాడు. లిఫ్టర్ చేతులు జారిపోతున్నాయి. హాల్లో అందరూ సంతోషించారు. నేను మాత్రం ఇద్దరికీ పొడుగు చేతుల రాష్‌గార్డ్ (ఒంటికి అతుక్కునే బనీను) వేయించాను, మధ్య మధ్య టవల్‌తో తుడిపించాను, వారంలో కొన్ని రోజులు గీ జాకెట్ (జూడోవాళ్లు వేసుకునే మందపాటి కోటు లాంటిది) వేయించాను. జాకెట్‌లో కాలర్ పట్టు దొరుకుతుంది, చెమట సాయం చేయదు. ఎస్కేప్‌లు వెంటనే తగ్గాయి. తగ్గినవి పోగా మిగిలినవే అతను నిజంగా నేర్చుకున్నవి. ఏసీ హాల్లో, పొడి చేతులతో ఆడే పోటీలో దొరికేవి అవే. మన ఊళ్లలో సాధన చేసేవాళ్లు ఎండాకాలం వీడియోలు చూసుకుని మురిసిపోకముందు ఈ పరీక్ష తప్పక పెట్టుకోవాలి.

ఇప్పుడున్న స్థితి

రైడర్ ఇప్పుడు లిఫ్టర్ వెనక పట్టు నుంచి చాలాసార్లు హాఫ్ గార్డ్‌కి వస్తున్నాడు. ప్రతిసారీ కాదు. బోర్లా పడటం దాదాపు పోయింది, బాగా అలసిపోయినప్పుడు మాత్రం మళ్లీ తొంగిచూస్తుంది. ఒళ్లు వదిలేయడం పూర్తిగా పోయింది. నాకు అన్నిటికంటే అదే పెద్ద మార్పు.

చెన్నైలో ఓపెన్ వెయిట్‌లో ఆడాడు. ప్రత్యర్థి లిఫ్టర్ అంత బరువు ఉండడు కానీ రైడర్ కంటే బాగా పెద్దవాడు. వీపు పోయింది, 4 పాయింట్లు పోయాయి. రైడర్ చంక చెయ్యి వైపు జారాడు, నడుం దాటించాడు, పై కాలిని బంధించాడు. పక్కకు తిరిగి మోకాలు అడ్డం పెట్టాడు. అంతా మేం చేసిన వరుసలోనే జరిగింది. చోక్ పడలేదు. మ్యాచ్ మాత్రం పాయింట్ల మీద ఓడిపోయాడు. ఎస్కేప్ ఎంత బాగా చేసినా ఇచ్చిన పాయింట్లు తిరిగి రావు. అందుకే అప్పటి నుంచి టర్టిల్ స్థితిలో (మోకాళ్లు, మోచేతుల మీద ముడుచుకుని ఉన్నప్పుడు) వీపు దొరకకుండా చూసుకోవడానికీ, హాఫ్ గార్డ్ నుంచి స్వీప్ చేసి (పైవాణ్ని తిప్పి మనం పైకి వచ్చి) 2 పాయింట్లు రాబట్టడానికీ సమయం ఎక్కువ ఇస్తున్నాం.

తేలని సమస్య ఒకటి ఉంది. బాగా నేర్చిన పెద్దవాడు చేతుల పోరులో మన ఒక చేతిని కిందికి లాగి, దాని మీదుగా కాలు వేసి బంధించేస్తాడు. అప్పుడు రెండు చేతులతో ఒక చెయ్యి అన్న సూత్రం తలకిందులవుతుంది. మన ఒక్క చెయ్యి, అతని రెండు చేతులు. లిఫ్టర్ ఇది నేర్చుకున్నాడు, రైడర్ మళ్లీ ట్యాప్ చేస్తున్నాడు. దారి ఉన్నది ఇక్కడ: చేతిని బంధించిన ఆ కాలు ఇక తొడ మీద హుక్‌గా లేదు, ఆ వైపు నడుం ఖాళీగా ఉంది. చెయ్యి విడిపించుకోవాలని గింజుకోకుండా, మిగిలిన చేత్తో మెడ కాపాడుకుంటూ, ఖాళీ అయిన వైపు నుంచి నడుమును ముందు జార్చాలి. ఇప్పుడు మా రౌండ్లన్నీ ఆ స్థితి నుంచే మొదలవుతున్నాయి, చోక్ లేకుండా, లిఫ్టర్ సగం బలంతో.